ఏ నెలలో ఏ సముద్రం? స్కూబా డైవింగ్‌కి ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవడానికి తరచుగా అడిగే ప్రశ్నలు

డైవింగ్‌కి వెళ్దామనుకునే తెలుగువాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలే ఇవి. ధరలు, వీసా నియమాలు, ఫ్లైట్లు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు వాటిని ఓసారి సరిచూసుకోండి. గాలి, అలల లెక్క మాత్రం ఏటా ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాట్లాడింది దాని గురించే.

అండమాన్, మాల్దీవులు, థాయ్‌లాండ్, బాలి... వీటిలో ఏది బెస్ట్?

ఏ నెలలో వెళ్తున్నారో చెప్పకుండా అడిగితే దీనికి జవాబు లేదు. మీరు చూసి మురిసిపోయిన ఫొటో ఫిబ్రవరిలో తీసిందైతే, ఆ నీళ్ళు జులైలో కనిపించవు. మన చుట్టుపక్కల సముద్రాలన్నీ ఋతుపవనాల చేతిలో ఉన్నాయి. నైరుతి గాలి వీచేటప్పుడు ఒక తీరం అల్లకల్లోలంగా ఉంటే, అదే సమయంలో అటువైపు తీరం ప్రశాంతంగా ఉంటుంది.

నేనైతే ముందు నెల చూస్తాను. తర్వాత డైవర్ అనుభవం, ఆ తర్వాత ఏం చూడాలన్న కోరిక, చివరికి డబ్బు. చాలామంది దీన్ని తిరగేసి డబ్బుతో మొదలుపెడతారు. చవగ్గా వచ్చిందని ఆగస్టులో అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి ప్యాకేజీ కొని, రిసార్ట్ వరండాలో కూర్చొని వాన చూసి వస్తారు.

మాకు సెలవులు దొరికేది సంక్రాంతికి, వేసవికి, దసరాకి. అప్పుడు ఎక్కడికి వెళ్ళొచ్చు?

సంక్రాంతికి: మాల్దీవులు, థాయ్‌లాండ్ పడమటి తీరంలోని సిమిలాన్ దీవులు, శ్రీలంక పడమటి తీరం. అండమాన్ కూడా తెరిచే ఉంటుంది. కానీ డిసెంబర్, జనవరిల్లో ఈశాన్య గాలికి ఒక్కోరోజు పడవ బాగా ఊగుతుంది. అక్కడ నీళ్ళు అద్దంలా నిలిచేది ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరిదాకా.

వేసవి సెలవులకి: ఏప్రిల్‌లో అయితే కళ్ళు మూసుకొని అండమాన్ వెళ్ళండి. మే సగం దాటితే వద్దు. నైరుతి ఋతుపవనాలు మన దేశంలో మొట్టమొదట తాకేది ఆ దీవులనే, అదీ మామూలుగా మే మూడో వారంలో. సిమిలాన్ నేషనల్ పార్క్‌ని కూడా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్యదాకా మూసేస్తారు. మే చివర, జూన్ మొదట్లో వెళ్ళాలంటే బాలి, థాయ్‌లాండ్ తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో ఉండే కో తావ్ దీవి, మలేషియా తూర్పు తీరంలోని పెర్హెంటియన్ దీవులు, శ్రీలంకలో ట్రింకోమలీ బాగుంటాయి.

దసరాకి: బాలి. అండమాన్‌లో అప్పుడే సీజన్ మొదలవుతుంటుంది, వాన ఇంకా పూర్తిగా వదిలిపెట్టదు. కో తావ్‌కి దసరా అయ్యాక వెళ్తే జాగ్రత్త, అక్కడ వానలు నవంబర్, డిసెంబర్లలోనే.

నాకు ఈత రాదు. డైవింగ్ చేయొచ్చా?

ఒక్కసారి సరదాగా దిగి చూడటానికి ఈత అక్కర్లేదు. దాన్ని ఇంట్రో డైవ్, ట్రై డైవ్ అని పిలుస్తారు. ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్ వాల్వ్ పట్టుకొని పక్కనే ఉంటాడు. గరిష్ఠ లోతు 12 మీటర్లు. మొదటిసారి దిగేవాళ్ళని మామూలుగా అంతకంటే తక్కువలోనే తిప్పి తీసుకొస్తారు.

డైవింగ్‌లో మొదటి కోర్సు అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికేట్ కావాలంటే మాత్రం ఈత రావాలి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలి ఉండాలి. స్పీడుతో పనిలేదు, ఏ పద్ధతిలో ఈదినా ఫర్వాలేదు. ఈత రానివాళ్ళు కోర్సుకి ముందు మూడు నెలలు దగ్గర్లో ఉన్న స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళడం మంచిది. ఈత వచ్చినవాళ్ళకి నీళ్ళలో టెన్షన్ తగ్గుతుంది. టెన్షన్ తగ్గితే గాలి తక్కువ పీలుస్తారు, ఒకే సిలిండర్‌తో ఎక్కువసేపు కింద ఉండగలుగుతారు.

కోర్సుకైనా, ఇంట్రో డైవ్‌కైనా ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం కావాలి. గర్భంతో ఉన్నవాళ్ళు దిగకూడదు. ట్రిప్ పాడవుతుందని ఫారంలో అబద్ధం రాసేవాళ్ళు ఉన్నారు. అది ఎవరికీ మంచిది కాదు. పిల్లలకి పదేళ్ళు నిండాలి.

కోర్సు అండమాన్‌లో చేయాలా, కో తావ్‌లోనా?

రెండుచోట్లా పాడి (PADI), ఎస్ఎస్ఐ (SSI) అనే డైవింగ్ శిక్షణ సంస్థల కోర్సులే చెబుతారు. ఎక్కడ తీసుకున్నా కార్డు ప్రపంచమంతా చెల్లుతుంది.

కో తావ్ అంటే డైవింగ్ నేర్చుకోవడానికే పుట్టినట్టుండే చిన్న దీవి. ప్రపంచంలో అతి ఎక్కువ మందికి సర్టిఫికేట్లు ఇచ్చే చోట్లలో అదొకటి. షాపుల మధ్య పోటీ ఎక్కువ కాబట్టి ఓపెన్ వాటర్ కోర్సు పది, పన్నెండు వేల బాత్‌ల చుట్టూ దొరుకుతుంది. తీరం దగ్గర లోతు తక్కువ, కరెంట్, అంటే నీటి ప్రవాహం, అంతగా ఉండదు. లోటు ఏమిటంటే రద్దీ. ఒకే దిబ్బ చుట్టూ నాలుగు పడవలు, కింద ఎవరి ఫిన్ (కాళ్ళకి తొడిగే రెక్క) ఎవరిదో తెలియని గుంపు. చేరడం కూడా తేలిక కాదు: బ్యాంకాక్ దాకా ఫ్లైట్, అక్కడి నుంచి చుంఫోన్‌కో కో సముయికో, ఆపైన ఫెర్రీ.

హావ్‌లాక్‌లో రేటు కొంచెం ఎక్కువ, 30 వేల రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. కానీ ప్రయాణ ఖర్చు కలిపితే తేడా చెరిగిపోతుంది. పాస్‌పోర్ట్, వీసా గొడవ లేదు. హిందీలోనో ఇంగ్లీషులోనో, అదృష్టం బాగుంటే తెలుగులోనో చెప్పే ఇన్‌స్ట్రక్టర్ దొరుకుతాడు. భాష సంగతి చిన్నదిగా తీసేయకండి. మాస్క్ విప్పి మళ్ళీ పెట్టుకోమన్నప్పుడు కంగారు పడేవాళ్ళకి ఒడ్డున ఎవరైనా తమ భాషలో నాలుగు మాటలు నెమ్మదిగా చెబితే సగం భయం పోతుంది.

ఇంకో దారీ ఉంది. థియరీ, స్విమ్మింగ్ పూల్ పాఠాలు మీ ఊళ్ళో ఏదైనా డైవింగ్ సెంటర్‌లో ముగించి, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవులు మాత్రం వెళ్ళిన చోట పూర్తిచేయొచ్చు. నాలుగు రోజుల సెలవులో రెండు రోజులు పాఠాలకే పోకుండా ఉంటాయి.

విశాఖలోనే డైవింగ్ ఉందిగా, అండమాన్ దాకా ఎందుకు?

ఉంది. ఋషికొండ, చింతపల్లి వైపు తీసుకెళ్తారు. రాళ్ళ దిబ్బలున్నాయి, చేపలున్నాయి. విజిబిలిటీ, అంటే నీళ్ళలో ఎంత దూరం కనిపిస్తుందన్నది మాత్రం మీ అదృష్టం. గోదావరి, కృష్ణ, మహానది తెచ్చి పోసే ఒండ్రు, తీరం వెంబడి ప్రవాహాలు అన్నీ కలిసి బంగాళాఖాతం పడమటి అంచుని మసకగా ఉంచుతాయి. అండమాన్‌కి ఆ బాధ లేదు, పెద్ద నదుల ముఖద్వారాలు చాలా దూరం.

అయినా విశాఖని తీసిపారేయను. ఆ మసక నీళ్ళలో బడ్డీని (జతగా దిగే డైవర్‌ని) వదలకుండా, ఒంటిని నిలకడగా పట్టుకొని ఈదడం వస్తే తర్వాత ఎక్కడికెళ్ళినా తేలికే. గోవా గ్రాండ్ ఐలాండ్‌దీ ఇంచుమించు ఇదే కథ. మురుడేశ్వర్ నుంచి వెళ్ళే నేత్రాణి దీవి వాటికంటే ఒక మెట్టు పైన. పుదుచ్చేరిలో మనుషులు కట్టిన టెంపుల్ రీఫ్ (రీఫ్ అంటే నీటి కింద ఉండే దిబ్బ) చుట్టూ చేపలు బాగా చేరాయి.

హావ్‌లాక్‌లో అసలేం ఉంది? నీల్ వేరేనా?

ముందు పేర్లు. హావ్‌లాక్ 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. టికెట్ల మీద కొత్త పేర్లు, పడవవాళ్ళ నోట పాతవి వినిపిస్తాయి.

కొత్తవాళ్ళకి నీమో రీఫ్, లైట్‌హౌస్ లాంటి చోట్లు చాలు, లోతు తక్కువ. అసలు అండమాన్ మాత్రం డిక్సన్స్ పినకిల్, జానీస్ గోర్జ్, జాక్సన్స్ బార్ దగ్గర ఉంటుంది. ఇసుక నేల నుంచి లేచిన రాతి శిఖరాలు, వాటి మీద మెత్తటి పగడాలు, పైన గుండ్రంగా తిరిగే బారకుడా గుంపులు, ట్రెవల్లీ చేపలు తరిమితే పరుగెత్తే చిన్న చేపల మబ్బులు. చిక్కేమిటంటే ఇవి చాలావరకు 18 మీటర్ల కింద ఉంటాయి. ఓపెన్ వాటర్ కార్డు పరిధి సరిగ్గా 18 మీటర్లు. పైపైన తిరిగి "అండమాన్ ఏముంది, మామూలే" అనేవాళ్ళు చాలావరకు ఈ గీత ఇవతలే ఆగిపోయినవాళ్ళు. వెళ్ళేటప్పుడే దాని తర్వాతి మెట్టు అయిన అడ్వాన్స్‌డ్ కోర్సుకి రెండు రోజులు కలుపుకొంటే 30 మీటర్లదాకా అనుమతి వస్తుంది.

అక్కడి రోజు మనకన్నా ముందు మొదలవుతుంది. గడియారం ఢిల్లీది, సూర్యుడు తూర్పుది. అయిదింటికే తెల్లవారుతుంది, శీతాకాలంలో సాయంత్రం అయిదున్నరకి చీకటి. పడవలు పొద్దున్నే బయల్దేరతాయి కాబట్టి ముందురోజు రాత్రి పార్టీ పెట్టుకోకండి.

పడవల మీద కరెన్ సమాజం వాళ్ళు కనిపించవచ్చు. 1925లో బర్మా నుంచి వచ్చి మిడిల్ అండమాన్‌లో మాయాబందర్ దగ్గర స్థిరపడిన కుటుంబాల వాళ్ళు. సముద్రంతో వాళ్ళకున్న చనువు ఏ కోర్సులోనూ రాదు. తెలుగువాళ్ళకీ ఆ దీవులు కొత్తేం కాదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ మాతృభాష తెలుగు అని చెప్పినవాళ్ళు నూటికి పదమూడు మంది దాకా. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు ఇప్పటికీ పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు ఉన్నాయి.

నీల్ చిన్నది, నింపాదిగా ఉంటుంది. దుగాంగ్ అనే సముద్రపు ఆవు అప్పుడప్పుడూ కనిపిస్తుందని వెళ్ళేవాళ్ళున్నారు. కనిపిస్తే మీ అదృష్టం, దాని కోసమే టికెట్ కొనకండి.

లక్షద్వీప్ మాటేమిటి?

పగడపు దీవుల నీళ్ళు, స్పష్టతలో మాల్దీవులకి తీసిపోవు. కానీ మన దేశస్థులకి కూడా పర్మిట్ కావాలి, విమానం కొచ్చి నుంచి అగత్తికి, గదులు తక్కువ. బంగారం దీవిలో తప్ప మద్యం లేదు. ప్లాన్ చేయడానికి ఓపిక ఉన్నవాళ్ళకి కద్మత్, బంగారం మంచి చోట్లు. సీజన్ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా.

మాల్దీవులు డబ్బున్నవాళ్ళకేనా?

కాదు. 2009 తర్వాత ప్రభుత్వం స్థానికులు ఉండే దీవుల్లోనూ గెస్ట్‌హౌస్‌లకి అనుమతి ఇచ్చింది. అప్పటినుంచి లెక్క మారిపోయింది. మాఫుషి, ధిగురా, రస్ధూ, ధరవంధూ లాంటి ఊళ్ళలో రిసార్ట్ ఖర్చులో చిన్న భాగంతో ఉండొచ్చు. షరతులు: మద్యం ఉండదు, ఈత దుస్తులతో తిరగడానికి విడిగా ఒక బీచ్ ఉంటుంది, మిగతా ఊళ్ళో మర్యాదగా బట్టలు వేసుకోవాలి. మనవాళ్ళకి అక్కడ దిగాక వీసా ఉచితం. గ్రీన్ ట్యాక్స్, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ పన్నులు టికెట్ బడ్జెట్‌లో కలుపుకోండి, చివర్లో బిల్లు చూసి నోరెళ్ళబెట్టకుండా.

మాల్దీవుల్లో సీజన్ ఏడాదంతా అంటారు. నిజమేనా?

నిజమే, కానీ దీవికి ఏ వైపు ఉన్నారన్నది నెలని బట్టి మారుతుంది. ఇది తెలియక చాలామంది డబ్బు వదిలించుకుంటారు.

అక్కడ రెండు కాలాలు. ఈశాన్య గాలి వీచేది ఇరువై, ఇంచుమించు డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. నైరుతి గాలి వీచేది హుళంగు, మే నుంచి నవంబర్ దాకా. ప్రతి అటాల్ ఒక పగడపు వలయం, మధ్యలో మడుగు, వలయానికి అక్కడక్కడా తెరిచిన దారులు. ఆ దారుల్ని కందు అంటారు. ఇరువైలో మహాసముద్రపు ప్రవాహం తూర్పు నుంచి వస్తుంది. స్వచ్ఛమైన నీరు తూర్పువైపు దారుల్లోంచి లోపలికి దూసుకొస్తుంది. ఆ మూతి దగ్గర సొరచేపలు నీటికి ఎదురు తిరిగి, కదలకుండా నిలబడతాయి. మీరు రీఫ్ అంచున రాతికి కొక్కెం తగిలించి, జెండా గుడ్డలా వేలాడుతూ వాటిని చూస్తారు. అదే నీరు మడుగులోని ప్లాంక్టన్‌ని (నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని) ఊడ్చుకొని పడమటి దారుల్లోంచి బయటికి పోతుంది. ఆ ప్లాంక్టన్ కోసం మాంటా రేలు, అంటే రెక్కలు విప్పినట్టుండే పెద్ద చేపలు, పడమట చేరతాయి. హుళంగులో ఇదంతా తిరగబడుతుంది, మాంటాలు తూర్పుకి వచ్చేస్తాయి.

అందుకే బా అటాల్ తూర్పు అంచున ఉన్న హనీఫారు బేలో మాంటాల గుంపులు కనిపించేది జూన్ నుంచి నవంబర్ మధ్యనే. ఇంకో సంగతి, హనీఫారులో స్కూబా నిషేధం. స్నోర్కెల్‌తో (నీటిపై తేలుతూ గాలి పీల్చే గొట్టంతో) పైనుంచే చూడాలి. డైవింగ్ ప్యాకేజీలో హనీఫారు పేరు చూసి సిలిండర్‌తో దిగుతామని అనుకోవద్దు.

విజిబిలిటీ, మాంటాలు రెండూ ఒకేచోట కావాలని అడిగేవాళ్ళకి పై లెక్కలోనే జవాబుంది. మాంటా వచ్చేది ప్లాంక్టన్‌కి, ప్లాంక్టన్ ఉన్న నీరు మసకగానే ఉంటుంది. ఒకటి ఎంచుకోండి.

వేల్ షార్క్ కావాలంటే దక్షిణ అరి అటాల్, అక్కడ ఏడాది పొడవునా కనిపిస్తాయి. టైగర్ షార్కులకి దక్షిణాన ఫువామూలా. కందు డైవులు మొదటి కార్డు చేతికొచ్చిన వారానికే చేసేవి కావు. చాలా లైవ్ అబోర్డ్ పడవలు (రోజుల తరబడి పడవలోనే ఉండి డైవ్ చేసేవి) అడ్వాన్స్‌డ్ కార్డుతోపాటు కొన్ని పదుల డైవుల లాగ్, అంటే రికార్డు, అడుగుతాయి. వినోదం కోసం చేసే డైవులకి దేశమంతటా 30 మీటర్ల పరిమితి ఉంది.

బాలిలో డైవింగ్ గురించి ఎవరూ మాట్లాడరేం?

మనవాళ్ళు ఉబుద్‌లో ఊయల ఫొటో దిగి వచ్చేస్తారు కాబట్టి. బాలి ఈశాన్య మూలన తులాంబెన్ అనే ఊరుంది, ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో మూడు గంటల పైనే. లిబర్టీ అనే అమెరికన్ సరుకు ఓడని 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. లాక్కెళ్తూ కుదరక తులాంబెన్ ఒడ్డుకి చేర్చి వదిలేశారు. ఇరవై ఏళ్ళకి పైగా ఒడ్డునే పడి ఉంది. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు భూమి కదిలి సముద్రంలోకి జారింది. ఇప్పుడు దాని పై అంచు అయిదారు మీటర్ల లోతులో, కింది భాగం 30 మీటర్ల దగ్గర ఉంది. పడవ అక్కర్లేదు. ఒడ్డు నుంచి నడిచి, కొంచెం ఈది దిగొచ్చు. కొత్తగా ఓపెన్ వాటర్ అయినవాళ్ళు చూడగలిగే మునిగిన ఓడల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

ఆ ఒడ్డు ఇసుక కాదు, కాలి కింద దొర్లే నల్లటి గుండ్రాళ్ళు. సిలిండర్లు మోసేది ఆ ఊరి ఆడవాళ్ళు. తలమీద చుట్టకుదురు పెట్టుకొని, దానిమీద సిలిండర్ని అడ్డంగా వేసుకొని, ఆ రాళ్ళమీద చేతులు వదిలేసి నడుస్తారు. ఏమీ మోయని మనం అడుగడుగునా తూలుతుంటాం. పొద్దున్నే దిగండి. ఎనిమిది దాటితే టూరిస్టు బస్సులు వచ్చేస్తాయి.

నుసా పెనిడా పూర్తిగా వేరే లోకం. లోతు నుంచి చల్లటి నీరు ఎగదన్నే చోటు అది. జులై నుంచి అక్టోబర్ మధ్య మోలా మోలా అనే పెద్ద సూర్యచేప పైకొచ్చేది ఆ చలికే. పైన 27 డిగ్రీలు ఉన్న నీరు కిందికి పోయేసరికి 20కీ పడిపోతుంది. మూడు మిల్లీమీటర్ల మందం సూట్‌లో పళ్ళు టకటకలాడతాయి, అయిదు అడగండి. కరెంట్ కూడా గట్టిది, కిందికి లాగే రకం. పాతిక, ముప్పై డైవులు చేశాక వెళ్తే ఆనందం, ముందే వెళ్తే టెన్షన్.

శ్రీలంక?

దగ్గర, చవక, రీఫ్‌లు మామూలు, మునిగిన ఓడలు అద్భుతం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా కొలంబో, హిక్కడువ వైపు. మే నుంచి సెప్టెంబర్ దాకా ట్రింకోమలీ, బట్టికలోవా వైపు. బట్టికలోవా దగ్గర బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్ 50 మీటర్ల పైగా లోతులో పడుకొని ఉంది. జపాన్ విమానాలు దాన్ని ముంచింది 1942 ఏప్రిల్ 9న. దానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, అదే దాడుల్లో భాగంగా విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. హెర్మిస్ దగ్గరికి వెళ్ళడానికి టెక్నికల్ డైవింగ్ శిక్షణ తప్పనిసరి. మామూలు డైవర్లకి చివరి హద్దు 40 మీటర్లు.

సిపడాన్, రాజా అంపట్ వెళ్ళమంటారు అందరూ...

వెళ్ళాలి, కానీ మొదట కాదు. ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, పపువా న్యూ గినియా, తైమూర్ లెస్తె, సోలమన్ దీవులు కలిసిన కోరల్ ట్రయాంగిల్‌లో ప్రపంచంలోని పగడపు జాతుల్లో నాలుగింట మూడొంతులు ఉన్నాయి. ఇండోనేషియాలోని రాజా అంపట్ దాని నడిబొడ్డు. చేరడానికే రెండు మూడు ఫ్లైట్లు, సోరోంగ్ నుంచి పడవ, ఆపైన భారీ ఖర్చు. మలేషియాలోని సిపడాన్ దీవిలో రోజుకి ఇంతమందికే పర్మిట్ అని లెక్క ఉంటుంది, రాత్రి ఉండనివ్వరు. నెలల ముందే బుక్ చేయాలి. అంత దూరం వెళ్ళి మాస్క్‌లో నీళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటే ఏం లాభం? ముందు దగ్గర్లో నలభై, యాభై డైవులు చేయండి.

డైవింగ్ అయ్యాక ఎన్ని గంటలకి ఫ్లైట్ ఎక్కొచ్చు?

ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా రోజుల తరబడి చేస్తే కనీసం 18. నేను 24 పెట్టుకోమంటాను. ఒత్తిడి కింద ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. విమానం క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి తొందరపడితే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు.

కొండ ఎక్కడం కూడా ఇదే లెక్క అని చాలామంది మరిచిపోతారు. తులాంబెన్‌లో సాయంత్రం డైవ్ ముగించి, అగ్నిపర్వతం చూద్దామని కింతామణి మీదుగా ఉబుద్‌కి పోతే దారి 1,500 మీటర్ల దాకా ఎక్కుతుంది. తీరం రోడ్డు పట్టుకోమని డ్రైవర్‌కి ముందే చెప్పండి. అండమాన్‌లో అయితే చివరి రోజు డైవ్ పెట్టుకోకండి. హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ ఉండనే ఉంది.

సొరచేపలు, మొసళ్ళు...

పైన చెప్పిన చోట్ల మామూలుగా కనిపించే రీఫ్ షార్కులు మిమ్మల్ని చూసి తప్పుకుంటాయి. నిజంగా చేయి కొరికేది టైటన్ ట్రిగ్గర్ ఫిష్. గుడ్లు పెట్టిన కాలంలో గూటి మీదుగా వెళ్తే వెంటపడుతుంది. పైకి కాదు, పక్కకి ఈదండి. అది తన హద్దుని గూటి నుంచి పైకి గరాటులా చూసుకుంటుంది. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నమాట నిజం, అవి ఎక్కువగా మడ అడవుల వాగుల్లో ఉంటాయి. బోర్డు పెట్టిన చోట ఈతకి దిగకండి. వద్దంటే వద్దనే.

పగడాలన్నీ తెల్లబడి చచ్చిపోయాయంటగా? ఇంకా వెళ్ళడం దేనికి?

కొంత నిజం. నీళ్ళు మామూలు కన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే, పగడాలు తమలో ఉండే శైవలాలను (నాచు లాంటి సూక్ష్మజీవుల్ని) బయటికి తోసేసి తెల్లబడతాయి. 2010లో అండమాన్ బాగా దెబ్బతింది, 1998, 2016ల్లో మాల్దీవులు, లక్షద్వీప్. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి తెల్లబాటు మొదలైందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఎక్కువ నష్టం లోతు తక్కువ ఉన్న చోటే. స్నోర్కెల్‌తో చూసేవాళ్ళకి విరిగిన కొమ్మల శ్మశానం కనిపించవచ్చు, అదే దీవిలో 25 మీటర్ల దగ్గర శిఖరం మీద రంగులు నిండుగా ఉండొచ్చు. గట్టి పగడాలే ముఖ్యం అనుకుంటే ఇండోనేషియాకి నా ఓటు. చేపల గుంపులైతే అండమాన్, పెద్ద జంతువులైతే మాల్దీవులు.

చచ్చిన పగడం ముక్క అయినా సరే, జేబులో వేసుకోవద్దు. మన దేశంలో పగడాలకి వన్యప్రాణి రక్షణ చట్టం కింద గట్టి రక్షణ ఉంది, అండమాన్ ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

కళ్ళజోడు ఉంది, మీసం ఉంది, చెవినొప్పి వస్తుంది. ఏం చేయాలి?

మెత్తటి కాంటాక్ట్ లెన్సులతో దిగొచ్చు. లేదంటే పవర్ ఉన్న మాస్క్ అడగండి, మైనస్ పవర్‌వి చాలా షాపుల్లో ఉంటాయి. మీసం దగ్గర మాస్క్ అతుక్కోక నీరు ఊరుతుంది. ముక్కు కింద ఒక గీత పలచగా గీయించుకుంటే చాలు, మొత్తం తీసేయక్కర్లేదు. చెవుల సంగతి: నొప్పి మొదలయ్యాక ఒత్తిడి సరిచేసుకోవడం కాదు, నొప్పి రాకముందే చేయాలి. దిగడం మొదలెట్టిన మొదటి మీటరు నుంచే ముక్కు నొక్కి మెల్లగా ఊదుతూ ఉండండి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి రండి. జలుబు ఉంటే ఆ రోజు డైవ్ లేదు. బిళ్ళ మింగి దిగితే, దాని ప్రభావం కిందే తగ్గిపోయి పైకి వచ్చేటప్పుడు గాలి ఇరుక్కుంటుంది.

మేం అమెరికాలో ఉంటాం. మాకు దగ్గరవి చెప్పండి.

మెక్సికోలో కొజుమెల్: కరెంటే మిమ్మల్ని గోడ వెంబడి తీసుకెళ్తుంది, పడవ వెనకాలే వస్తుంది. బొనైర్: కారు అద్దెకి తీసుకొని, వెనక సిలిండర్లు వేసుకొని, రోడ్డు పక్కన పేరు రాసిన పసుపు రాళ్ళు చూసి నచ్చిన చోట దిగిపోవచ్చు. హరికేన్లు మామూలుగా దాని జోలికి రావు, కాబట్టి జూన్ నుంచి నవంబర్ మధ్య సెలవు దొరికేవాళ్ళకి మంచిది. హవాయిలో కోనా దగ్గర రాత్రి లైట్ల వెలుగులో మాంటాలు తల మీదుగా తిరుగుతాయి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఒమాన్‌లో దైమానియత్ దీవులు చాలు, వారాంతంలో అయిపోతుంది.

శాకాహారం దొరుకుతుందా?

హావ్‌లాక్‌లో సమస్య లేదు. బాలిలో టెంపే, టోఫు మీద బతికేయొచ్చు. కో తావ్‌లో కూరగాయల వంటకం అన్నా అందులో చేప సాస్ పడుతుంది, నామ్ ప్లా వద్దని ముందే చెప్పాలి. మాల్దీవుల్లో పొద్దున టిఫిన్ కూడా ట్యూనాయే, మస్ హునీ అని కొబ్బరితో కలిపి పెడతారు. గెస్ట్‌హౌస్‌కి ముందే మెసేజ్ పెట్టండి, పచ్చడి సీసా ఒకటి వెంట ఉంచుకోండి.

డబ్బు కట్టే ముందు డైవ్ షాపుని ఏం అడగాలి?

ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? నలుగురికి మించితే కొత్తవాళ్ళు వేరే షాపు చూసుకోవాలి. పడవ మీద ఆక్సిజన్ ఉందా, దగ్గర్లో డీకంప్రెషన్ ఛాంబర్ (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కడితే చికిత్స చేసే గది) ఎక్కడ? డెన్‌పసార్‌లో, కో సముయిలో, మాలే దగ్గర ఉన్నాయి. షాపువాళ్ళు ఈ ప్రశ్నకి నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి. వాతావరణం బాగోక రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా? రేటులో కిట్ అద్దె, పార్క్ ఫీజు, ఫొటోలు కలిసి ఉన్నాయా?

ఇన్సూరెన్స్ సంగతి షాపుని కాదు, మీ పాలసీ కాగితాన్ని అడగాలి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కూబా వర్తించదు, లేదా ఫలానా లోతు దాకానే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఛాంబర్ చికిత్స, అక్కడిదాకా హెలికాప్టర్ ఖర్చు లక్షల్లో పోతుంది. డాన్ (DAN) లాంటి డైవర్ల సంస్థల పాలసీ ఏడాదికి తీసుకుంటే ఒక్క రోజు డైవింగ్ ఖర్చు కంటే పెద్దగా ఎక్కువ కాదు.